తెరచాప: ఒక మాట, రెండు భాగములు, నాలుగు అక్షరములు

మన చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములకు సముద్రము దూరము. మన పిల్లలు చెరువులను, చిత్రావతి ఇసుకను ఎరుగుదురు గాని ఓడను ఎరుగరు. అయినను వాచకములో ‘తెరచాప’ యను మాట వచ్చును. ఒకనాడు తరగతిలో మేము దాని అర్థమడుగగా, ఒక బాలుడు “తెరచిన చాప సార్” అనెను. తక్కిన పిల్లలు నవ్విరి. మేము నవ్వలేదు. ఆ బాలుడు మాటను విడదీయ యత్నించెను. విడదీసిన చోటు మాత్రమే తప్పినది.

ఇది తెర, చాప అను రెండు తెలుగు మాటల కూడిక. ఇట్టిదానిని ఆచ్ఛిక సమాసమందురు. గాలిని పట్టుటకు తెరవలె కట్టిన చాప యని భావము. ఓడకును చాపకును సంబంధమేమని సందేహము కలుగవచ్చును. పూర్వము పెక్కు దేశములలో అల్లిన చాపలనే ఓడలకు కట్టుచుండిరి. తమిళమున ‘పాయ్’ అను ఒకే మాటకు చాప, తెరచాప యను రెండర్థములును కలవు. కన్నడమున తెరచాపకు పేరైన ‘హాయి’యు ఆ మాటయే. మన పాలు అచ్చట హాలు అయినట్లే, పకారము హకారమైనది. తెలుగువారికి ఓడలు క్రొత్త కావు. సుమారు 1800 ఏండ్ల క్రిందటి శాతవాహన నాణెములపై, తెరచాప కట్టు కొయ్యలు రెండు గల ఓడ బొమ్మ కలదు.

ఇక అక్షరముల మాట. తె, ర లఘువులు, చా గురువు, ప లఘువు. మొత్తము మాత్రలు 5. ఛందస్సున ఇది ‘సల’మను ఇంద్రగణము.

ఆంగ్లమున మాటలో ఒక అక్షరమును ఊది పలుకుదురు, తక్కినవి నలిగిపోవును. ఫోర్, కాసిల్ అను రెండు మాటలు కలిసి ఓడ ముందుభాగమునకు పేరయ్యెను. నావికుల నోట అది ‘ఫోక్సుల్’ అయి, రెండవ మాట గుర్తుపట్టరాకపోయినది. తెలుగున ఊనికవలన అర్థము మారదు, మాత్రవలన మారును. పడు, పాడు అను మాటలే ఇందుకు సాక్ష్యము. కావున పిల్లలు మొదటి అక్షరమును ఒత్తి ‘తెరచప’ అని చదివినచో, ఒక మాత్రతోపాటు చాపయు పోవును.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటి. వీధిలో కన్నడము, తరగతిలో ఆంగ్లము నేర్చుట మేలే. కాని ఆ రెంటి నడుమ తెలుగునకు ఇల్లు తోడుండవలెను. ప్రతి రాత్రియు పిల్లలచే 5 పంక్తులు బిగ్గరగా చదివింపుడు. ఓడరేవు వంటి మాట వచ్చినప్పుడు ఎచ్చట విరుగునో అడుగుడు. తప్పు చెప్పినను కసరకుడు. మాటను విడదీయనేర్చిన పిల్లవాడు తాను చూడని వస్తువునైనను గ్రహింపగలడు.