పాత పెట్టెలోని కాగితాలు, పిల్లల చేతిలోని ఫోన్లు

ఇంగ్లాండును జయించిన విలియం రాజు 1085వ సంవత్సరాంతంలో తన రాజ్యంలోని భూముల లెక్క రాయించమని ఆజ్ఞాపించాడు. ఏ ఊరిలో ఎంత భూమి ఉంది, ఎన్ని నాగళ్లు నడుస్తున్నాయి, ఎన్ని మరలు తిరుగుతున్నాయి, దేనిపై ఎవరికి హక్కు ఉంది అన్న వివరాలను 1086లో అధికారులు ఊరూరా విచారించి సేకరించారు. వాటిని తోలు పత్రాల మీద లాటిన్ భాషలో రాశారు. ఆ లెక్క మీద అప్పీలు లేదు. అందుకే జనం దానిని తీర్పుదినంతో పోల్చి 'డూమ్స్‌డే బుక్' అని పిలుచుకున్నారు. ఆ గ్రంథం నేటికీ లండన్ సమీపంలోని క్యూలో, బ్రిటిష్ జాతీయ పత్రాగారంలో భద్రంగా ఉంది. లాటిన్ తెలిసినవారు ఈ రోజు కూడా దానిని చదువుకోగలరు.

ఆ గ్రంథానికి 900 ఏళ్లు నిండే సందర్భంలో బీబీసీ సంస్థ ఒక కొత్త లెక్కకు పూనుకుంది. ఈసారి రాసింది అధికారులు కాదు, ఎక్కువ భాగం బడి పిల్లలు. దేశ పటాన్ని 4 కిలోమీటర్ల పొడవు, 3 కిలోమీటర్ల వెడల్పు గల గళ్లుగా విభజించి, ఒక్కొక్క గడిని దగ్గరలోని పాఠశాలకో స్థానిక బృందానికో అప్పగించారు. (ఆనాటి టీవీ తెర కొలత కూడా నాలుగుకు మూడే!) విద్యార్థులు తమ గడిలోని దుకాణాలను, పొలాలను, పాత కట్టడాలను స్వయంగా చూసి వచ్చారు. పెద్దలను అడిగి తెలుసుకున్నారు. తమ ఊరిలో ఒక మామూలు రోజు ఎలా గడుస్తుందో తమ మాటల్లో రాశారు. బడిలోని చిన్న కంప్యూటర్లలో దానినంతా టైపు చేసి, కొద్దిపాటి ఛాయాచిత్రాలు జతచేసి పంపారు. 1986 నాటికి పది లక్షలమందికి పైగా ఈ పనిలో పాలుపంచుకున్నారు. పోగైన రచనలు 1,47,819 పుటలు, ఛాయాచిత్రాలు 23,225. బడి పిల్లలు తమ ప్రాంత వారసత్వాన్ని కంప్యూటర్ సాయంతో నమోదు చేసిన తొలి మహాప్రయత్నాలలో ఇది ఒకటి.

ఆ సంపదనంతా గ్రామఫోను రికార్డంత వెడల్పున్న లేజర్ డిస్కుల మీదికి ఎక్కించారు. వాటిని చూడాలంటే ప్రత్యేకమైన ఫిలిప్స్ డిస్క్ ప్లేయరు కావాలి, దానికి తగిన కంప్యూటరు కావాలి. ఖరీదు దాదాపు 5,000 పౌండ్లు. రాసిన పిల్లల బడులలో చాలావాటికి అది అందుబాటు ధర కాదు. తాము రాసినది తామే చూడలేకపోయిన పిల్లలు ఎందరో! ఆ తరువాత ఆ రకం డిస్కులు మార్కెట్టులో నిలవలేదు. ప్లేయర్ల తయారీ ఆగింది, ఉన్నవి ఒక్కొక్కటిగా మూలపడ్డాయి. పదిహేనేళ్లు తిరక్కుండానే పరిస్థితి ఎంతవరకు వచ్చిందంటే, 900 ఏళ్లనాటి తోలు పుస్తకం హాయిగా చదవవచ్చు, 1986 నాటి పిల్లల రచనను మాత్రం తెరిచి చూసే సాధనమే కరువైంది.

దానిని కాపాడటానికి పెద్ద ప్రయాస పడవలసి వచ్చింది. 2002లో లీడ్స్, మిషిగన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఆనాటి యంత్రం చేసే పనిని నేటి కంప్యూటరులో అనుకరించే ప్రోగ్రామును రూపొందించి డిస్కును తెరిచి చూపించారు. 2004లో ఒక ప్రోగ్రామరు ఆ సమాచారాన్ని ఇంటర్నెట్‌లో అందుబాటులో ఉంచాడు. 2008లో ఆయన హఠాత్తుగా మరణించగానే ఆ సైటు కూడా మూతపడింది. 2011లో బీబీసీ తానే మళ్లీ తెరిచింది. 2018లో అదీ ఆగి, జాతీయ పత్రాగారం నిల్వలోకి చేరింది. డిస్కు మీది అక్షరం ఒక్కటీ చెరిగిపోలేదు. చెడినదల్లా చదివే సాధనం.

ఎక్కడి ఇంగ్లాండు, మనకెందుకు ఆ సంగతి అని పాఠకులు అనుకోవచ్చు. మన ఇళ్లలోని పాత ట్రంకు పెట్టెలను ఒకసారి తలచుకోండి. తాతగారి నిఖానామా, ముత్తాతగారి సనదు, ఎవరో ఎవరికో రాసిన ఉత్తరాలు, పెళ్లి ఖర్చులు రాసుకున్న చిట్టా. కాగితం పసుపు పచ్చబడింది కాని సిరా ఇంకా నల్లగానే ఉంది. అయినా ఇంట్లో ఆ రాత చదవగలిగేవారు ఎందరు? తెలుగు మాధ్యమంలోనో ఇంగ్లీషు మాధ్యమంలోనో చదివిన మన పిల్లలలో చాలామంది ఖురాన్ పారాయణం చేస్తారు, అరబీ అక్షరాలు వారికి తెలుసు. కాని చేతిరాత ఉర్దూను, అందులోనూ అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయే శికస్తా రాతను చదవమంటే తెల్లమొహం వేస్తారు. ఆ రాత తెలిసిన నానమ్మో పెదనాన్నగారో ఉన్నంతవరకే అది పత్రం. వారు లేనినాడు అది ప్లేయరు లేని డిస్కు.

ఇది ముస్లిముల ఇళ్లకే పరిమితమైన సంగతి కాదు. నిజాం రాజ్యంలో పాలనా భాష మొదట పారశీకం, 1880లలో ఉర్దూ అయింది. తెలంగాణ పల్లెలలో ఎన్నో హిందూ కుటుంబాల భూమి కాగితాలు, రశీదులు ఉర్దూలోనే ఉన్నాయి. ఆ ఇళ్ల తాతలు ఉర్దూ చదువుకున్నవారే. మీ అబ్బాయి, పక్కింటి అబ్బాయి కలిసి కూర్చుంటే ఇద్దరి ఇళ్ల కాగితాలనూ ఒకే పెద్దాయన చదివి పెట్టవచ్చు.

పాఠశాలల్లో 'మన వారసత్వం' అనే ప్రాజెక్టు ఏటా ఇస్తూనే ఉన్నారు. అది ఎలా పూర్తవుతుందో తల్లులకు బాగా తెలుసు. సెలవుల చివరి రాత్రి ఇంటర్నెట్‌లో చార్మినార్ బొమ్మ వెదకడం, రంగుల్లో ప్రింటు తీయించడం, అట్ట మీద అంటించడం. కొన్ని స్టేషనరీ దుకాణాలలో అయితే తయారుగానే దొరుకుతుంది! చార్మినార్ బొమ్మకు కొరత ఏమీ లేదు. లక్షల బొమ్మలలో అది ఇంకొకటి. కొరత అంతా మొహల్లా మస్జిదు గుమ్మం మీది రాతిఫలకానికి, ఖబ్రస్తాన్‌లో వానకు అరిగిపోతున్న సమాధి రాతకు, వీధి పేరు వెనుక మరుగున పడిన కథకు. వాటిని పట్టించుకునేది ఆ వీధి పిల్లలే.

హైదరాబాదులో మాసాబ్ ట్యాంక్ మీదుగా నిత్యం వేలమంది ప్రయాణిస్తారు. అది 'మా సాహెబా తలాబ్' అన్న మాట అరిగి అలా అయిందని వారిలో ఎందరికి తెలుసు? కుతుబ్ షాహీల కాలంలో రాజకుటుంబపు ఒక మహిళ పేరు మీద వెలసిన చెరువు అది. చెరువు పోయినా పేరు మిగిలింది. విజయవాడ వెళ్లే రహదారిలోని హయాత్‌నగర్ కూడా అలాంటిదే. ముహమ్మద్ కులీ కుతుబ్ షా కుమార్తె, ముహమ్మద్ కుతుబ్ షా భార్య, అబ్దుల్లా కుతుబ్ షా తల్లి అయిన హయాత్ బక్షీ బేగం పేర అక్కడ మస్జిదు ఉంది, బాటసారుల కోసం కట్టిన సరాయి గదులున్నాయి, పక్కనే 'హాథీ బౌలీ' అనే పెద్ద బావి ఉంది. ముగ్గురు సుల్తానులతో బంధుత్వం గల ఒక మహిళ జ్ఞాపకం బస్సు బోర్డు మీద ఊరి పేరుగా రోజూ కళ్ల ముందు తిరుగుతోంది. ఆడపిల్లలకు ఇవ్వదగిన ప్రాజెక్టు ఇంతకంటే ఏముంటుంది?

ఈ పనిలో మనకు ముందునడిచిన పెద్దలున్నారు. 1914లో హైదరాబాదు రాజ్యంలో పురావస్తు శాఖ ఏర్పడినప్పుడు దాని తొలి అధిపతి గులాం యజ్దానీ. దక్కనులోని అరబీ, పారశీక శాసనాలను పాఠంతో, అనువాదంతో సహా ప్రచురించడానికి ఆయన ఎంతో శ్రమించారు. ఆ రోజుల్లో శాసనం మీద తడి కాగితం అద్ది, సిరా పూసి, అచ్చు తీసేవారు. ఆ పని నేర్పు గలవారికే చెల్లుతుంది. పిల్లలు రాతిని తాకనే వద్దు. సుద్దపొడి రాయడం, నూనె పూయడం అసలే కూడదు, రాయి పాడవుతుంది. ఉదయం గాని సాయంకాలం గాని ఎండ పక్కవాటుగా పడే వేళ ఫొటో తీస్తే చాలు, మధ్యాహ్నం కంటికి కనబడని అక్షరాలు కూడా నీడలతో తేలి కనబడతాయి.

అయితే ఫొటో తీయడంతో పని సగమే అవుతుంది. కాగితాన్ని ఫొటో తీసిన పిల్లవాడు ఆ రాత తెలిసిన పెద్దమనిషి పక్కన కూర్చుని, ఆయన చదువుతుండగా ఫోనులో గొంతు రికార్డు చేయాలి. ఒక్కొక్క వాక్యం చదివి, అర్థం చెప్పి, అందులోని మనుషులు ఎవరో వివరించమని అడగాలి. తరువాత విన్నదానిని తెలుగులో రాసి, చేతనైతే ఉర్దూలోనూ రాయించి, రెండింటినీ ఫొటోతో జతపరచాలి. అప్పుడే బొమ్మతో పాటు దానిని చదివే కన్ను కూడా దాచినట్టు.

ఇక్కడ మన హదీసు విద్వాంసుల పద్ధతి ఎంతో అక్కరకు వస్తుంది. వారు మాటను మాత్రమే భద్రపరచలేదు, ఆ మాట ఎవరి నుంచి ఎవరికి చేరిందన్న సనదును కూడా భద్రపరచి, ఆ గొలుసులోని ఒక్కొక్కరినీ పరిశీలించారు. పిల్లల నోటు పుస్తకంలోనూ అదే రీతి ఉండాలి: ఈ సంగతి చెప్పినది ఎవరు, వారు స్వయంగా చూశారా లేక విన్నారా, విన్నది ఎవరి దగ్గర, ఎప్పుడు చెప్పారు, ఎక్కడ చెప్పారు. 'మా వంశం ఫలానా నవాబుగారిది' అని పెదనాన్నగారు అన్నారనుకోండి, 'పెదనాన్నగారు చెప్పారు' అని రాయాలే తప్ప 'మాది నవాబుల వంశం' అని రాయకూడదు. మన ఇళ్లలో గొప్పలు చెప్పుకునే అలవాటు కొంత లేకపోలేదు. ఆ వ్యాధి పిల్లల ప్రాజెక్టుకు అంటకుండా చూడవలసినది తల్లిదండ్రులే.

దాచే తీరు గురించి కూడా కొంత చెప్పాలి. డిస్కుకు పట్టిన గతి మన దగ్గరా పడుతూనే ఉంది. ఇరవై ఏళ్ల కిందట డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కంపోజు చేసిన తెలుగు ఫైళ్లు ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే అర్థం లేని గుర్తులుగా కనబడతాయి. ఇన్‌పేజ్‌లో కంపోజు చేసిన పాత ఉర్దూ ఫైళ్లను తెరవడానికి మళ్లీ ఆ ప్రోగ్రామునే వెదకవలసి వస్తుంది. కాబట్టి తెలుగైనా ఉర్దూ అయినా యూనికోడ్‌లోనే టైపు చేయించండి, సాదా టెక్స్ట్ ఫైలుగా ఒక ప్రతి ఉంచండి. ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గుతుంది, తీసిన తేదీ, స్థలం వంటి వివరాలు రాలిపోతాయి. అసలు ఫైలునే డాక్యుమెంటుగా పంపాలి. ఒక ప్రతి ఇంట్లో, ఒకటి బంధువుల ఇంట్లో, ఒకటి బడిలో ఉండనివ్వండి. అన్నీ ఒకే మనిషి ఫోనులో ఉంచితే ఆ ఇంగ్లాండు సైటుకు జరిగినదే జరుగుతుంది. తెలుగులో రాసి, కాగితం మీద ప్రింటు తీసి, కుట్టించి మస్జిదు గ్రంథాలయంలో పెట్టడం పాతకాలపు పద్ధతిలా కనబడవచ్చు గాని దానిని తెరవడానికి కరెంటు అక్కరలేదు.

అందరికీ చూపదగినవి వేరు, చూపకూడనివి వేరు. మస్జిదు ఫలకం, బావి, పాత దర్వాజా వంటి వాటి ఫొటోలు, సరైన వివరాలతో, 2003 నుంచి నడుస్తున్న తెలుగు వికీపీడియా వంటి చోట్ల చేరితే ఎందరికో ఉపయోగం. భూమి కాగితాలు, వక్ఫ్ ఆస్తుల పత్రాలు, మెహర్ వివరాలున్న నిఖానామాలు మాత్రం ఇంటర్నెట్‌లో పెట్టవలసినవి కావు. వాటిని ఇంటి దాపులోనే ఉంచాలి. కుటుంబ స్త్రీల పాత ఫొటోలను వారి అనుమతి లేకుండా, వారు గతించి ఉంటే వారి వారసుల అనుమతి లేకుండా, బడి ప్రదర్శనలో కూడా పెట్టవద్దు. పిల్లలకు ఈ తేడా ముందే చెప్పి ఫోను చేతికివ్వడం మంచిది.

చిన్నవారి చేత ఎక్కడ మొదలుపెట్టించాలని అడిగేవారికి లెక్కతో మొదలుపెట్టమంటాను. పాత కట్టడాల మీద సంవత్సరాన్ని అంకెలలో కాక అబ్జద్ లెక్కలో, మాటల రూపంలో దాచడం ఒక ఆచారం. ఒక్కొక్క అక్షరానికి ఒక విలువ ఉంటుంది. చార్మినార్ కాలాన్ని 'యా హాఫిజ్' అనే మాటలు తెలుపుతాయని చెబుతారు. యే 10, అలిఫ్ 1, పెద్ద హే 8, మళ్లీ అలిఫ్ 1, ఫే 80, జోయ్ 900. మొత్తం 1000. హిజ్రీ 1000వ సంవత్సరం క్రీస్తు శకం 1591 అక్టోబరులో మొదలైంది. అక్షరాలు, విలువలు కంప్యూటరు స్ప్రెడ్‌షీటులో రెండు వరుసలుగా రాసుకుంటే ఎనిమిదో తరగతి పిల్లలు ఏ మాటకైనా లెక్క కట్టగలరు. హైదరాబాదు నగరానికి 'ఫర్ఖుందా బున్యాద్', అంటే శుభమైన పునాది అని మరో పేరు ఉండేది. అదీ కాలాన్ని తెలిపే మాటే అంటారు. దానిని మీ ఇంటి పిల్లల చేత లెక్క కట్టించండి. 1006 వస్తే అక్షరాలు సరిగా గుర్తించినట్టే. చార్మినార్‌కూ ఆ పేరుకూ మధ్య ఆరేళ్ల తేడా ఎందుకు వచ్చిందని వారు అడిగితే, జవాబు మీరు చెప్పేయకుండా గ్రంథాలయానికి వెంటబెట్టుకుని వెళ్లండి.