ఫ్రీమాంట్ బోడికొండ

శాన్‌ఫ్రాన్సిస్కో బే తూర్పు ఒడ్డున, ఫ్రీమాంట్ నెత్తిమీద, చెట్టూచేమా పెద్దగా లేని ఒక కొండ ఉంది. పేరు మిషన్ పీక్. ఎత్తు సుమారు 2,517 అడుగులు, అంటే తిరుమల కన్నా తక్కువే. ఉన్న వరసలోనూ ఇది పెద్దది కాదు. ఆనుకునే ఉన్న మౌంట్ ఆలిసన్ దీన్ని మించిన ఎత్తు, కాకపోతే దాని నెత్తి నిండా యాంటెన్నా టవర్లే. అయినా సిలికాన్ వ్యాలీకి ఉద్యోగానికొచ్చిన తెలుగువాళ్ళలో మిషన్ పీక్ పేరు విననివాళ్ళు అరుదు. వచ్చిన కొత్తలో ఆఫీసు మిత్రులెవరో లాక్కెళ్తారు. మరుసటి ఏడు మనం ఇంకొకరిని లాక్కెళ్తాం.

అందరూ ఎక్కే దారి స్టాన్‌ఫర్డ్ ఎవెన్యూ చివర మొదలవుతుంది. ఆ పేరు వినగానే విశ్వవిద్యాలయం గుర్తుకొస్తుంది. సంబంధం లేకపోలేదు కూడా. విశ్వవిద్యాలయం పెట్టిన లీలండ్ స్టాన్‌ఫర్డ్‌కి ఈ కొండ పాదాన, వార్మ్ స్ప్రింగ్స్‌లో భూములుండేవి. ఆయన అన్న జోసయ్య ఇక్కడే ద్రాక్ష పండించి వైన్ చేయించేవాడు. ఇప్పుడు ఆ చుట్టుపక్కలంతా ఖరీదైన ఇళ్ళు. ఇళ్ళ వరస అయిపోయిన చోట పశువుల గేటు ఉంటుంది. తోసుకుని లోపలికి అడుగుపెడితే ఊరు వెనక్కి పోయి పచ్చికబీడు మొదలవుతుంది.

పైకి దాదాపు మూడు మైళ్ళు. ఆ మూడు మైళ్ళలో సుమారు 2,100 అడుగుల ఎత్తు ఎక్కాలి, అంటే సగటున వంద అడుగుల నడకకు 13 అడుగుల చొప్పున. కాగితం మీద ఇది పెద్ద లెక్కగా కనిపించదు. కానీ అలిపిరి మెట్లెక్కినవాళ్ళు ఇక్కడ రెండు తేడాలు వెంటనే పసిగడతారు: కాలు ఆన్చడానికి మెట్టు లేదు, తలదాచుకోవడానికి పైకప్పు లేదు. అక్కడ 3,550 మెట్లకూ ఒక క్రమం ఉంటుంది. ఇక్కడ ఉన్నది మట్టీ గులకా కలిసిన వెడల్పాటి బండ్లబాట. వేసవిలో దాని మీద బూట్లు జారతాయి, వానాకాలంలో బంకమట్టి అంటుకుని ఒక్కో బూటు రెండింతల బరువవుతుంది. శిఖరం కిందనున్న చివరి రాతి ఎక్కుడిని మనవాళ్ళు మోకాళ్ళ పర్వతం అంటే ఎవరూ కాదనరు. ఆర్నెల్లకని ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళు సగం దారిలో బండరాయి మీద కూలబడి, దిగొచ్చే కుర్రాళ్ళని "ఇంకా ఎంత దూరం బాబూ?" అని అడుగుతుంటారు. "ఇంకో పది నిమిషాలే అంకుల్" అన్నది ఇక్కడ చెల్లుబాటయ్యే అబద్ధం. అరగంట తర్వాత అడిగినా అదే జవాబు.

కొండ రంగులు మార్చుకునే తీరు తెలుగుదేశం నుంచి వచ్చినవాళ్ళకు తలకిందులుగా తోస్తుంది. ఇక్కడ వానలు చలికాలంలో. జనవరి నుంచి మార్చి దాకా కొండంతా లేతపచ్చగా ఉంటుంది. మే నెల దాటితే గడ్డి ఎండి కొండ పసుపుపచ్చగా మారిపోతుంది, మళ్ళీ వానలు పడేదాకా అంతే. ఆ గడ్డి అగ్గిపుల్లకు సిద్ధంగా ఉంటుంది కనుక దాన్ని అదుపులో ఉంచే పనికి ఆవులను తోలతారు. బాటకు అడ్డంగా పడుకుని నెమరేస్తున్న ఆవును చూసి పిల్లలు ఆగిపోతారు. అది మాత్రం లేవదు. చుట్టూ తిరిగి వెళ్ళాల్సింది మనమే.

పడమటి ముఖాన, ఫ్రీవే మీద పోయేవాళ్ళకు కూడా కనిపించేలా, కొండకు ఒక పాత గాయం ఉంది. 1998లో ఎల్‌నినో వానలు దంచికొట్టిన ఏడాది, మార్చి నెలలో ఇక్కడ సుమారు మైలు పొడవున కొండచరియ జారింది. కదలడం ఈ నేలకు కొత్త కాదు. హేవర్డ్ భ్రంశరేఖ ఈ కొండ పాదాల మీదుగానే పోతుంది. 1868 అక్టోబరులో అది కదిలినప్పుడు, కొండకు పేరిచ్చిన మిషన్ శాన్‌హోసే చర్చి కూలిపోయింది. స్పెయిన్ ఫ్రాన్సిస్కన్ పాదిరీలు 1797లో ఆ మిషన్ పెట్టారు. తరతరాలుగా ఇక్కడ బతికిన ఓలోనీ జనాన్ని దానిలో చేర్చి, పొలం పనులకూ పశువుల పనులకూ వాడుకున్నారు. వాళ్ళలో ఎందరో బయటినుంచి వచ్చిన జబ్బులకు బలైపోయారు. కొండ పేరులో పాదిరీలు మిగిలారు. ఓలోనీల పేరు దిగువనున్న కాలేజీకి, ఈ కొండ మీదుగా తూర్పున డెల్ వాయే దాకా 28 మైళ్ళు సాగే అడవి దారికి దక్కింది.

శిఖరం మీద ఒక ఉక్కు స్తంభం ఉంది. దానికి చేతులు చుట్టి ఫొటో దిగకపోతే ఎక్కినట్టే కాదని కుర్రకారు నమ్మకం. శని, ఆదివారాల్లో దానికోసం వరసలో నిలబడతారు, కొందరు పైకి ఎగబాకుతారు కూడా. 1990 డిసెంబరులో లెనార్డ్ పేజ్, మరికొందరు కలిసి దాన్ని ఇక్కడ నిలబెట్టారు. పర్యావరణం వైపు జనం దృష్టి తిప్పడం వాళ్ళ ఉద్దేశం. అది ఎక్కడానికి పాతింది కాదు. దగ్గరికెళ్ళి చూస్తే స్తంభానికి అడ్డంగా సన్నని గొట్టాలు దూర్చి ఉంటాయి. ఒక్కో గొట్టానికి కన్ను ఆనిస్తే దూరాన ఉన్న ఒక్కో చోటు అందులో కుదురుతుంది. స్తంభం లోపల, కింద టైమ్ క్యాప్సూళ్ళు పెట్టారు. ఆనాటి కరువు గురించీ భూతాపం గురించీ వ్యాసాలు, ఓలోనీల రక్షలు, 1990 నాటి ఒక జిన్‌ఫాండెల్ వైన్ సీసా వాటిలో ఉన్నాయి. ఫొటోల వరసలో నిలబడ్డవాళ్ళలో గొట్టానికి కన్ను పెట్టేవాళ్ళు తక్కువ. నాకైతే ఇంత దూరం ఎక్కొచ్చినందుకు దక్కే అసలు వినోదం అదే.

అక్కడినుంచి చూడటానికి చాలానే ఉంది. ఎదురుగా బే దక్షిణపు కొస, దాని అంచున ఎరుపు, ఇటుకరంగు, పాకుడుపచ్చ మడులు. అవి ఉప్పుమడులు. నీళ్ళు చిక్కబడేకొద్దీ ఉప్పులో బతకగల సూక్ష్మజీవులు మారిపోయి ఆ రంగులు తెస్తాయి. కాస్త ఇవతల తెల్లగా, పొడుగ్గా కనిపించేది టెస్లా కార్ల ఫ్యాక్టరీ. అంతకుముందు 1984 నుంచి 2010 దాకా అక్కడే జనరల్ మోటర్స్, టొయోటా కలిసి కార్లు తయారు చేశాయి. దక్షిణాన మౌంట్ హామిల్టన్ మీద తెల్ల గుమ్మటాలు 1888లో మొదలైన లిక్ అబ్జర్వేటరీవి. ఉత్తరాన మౌంట్ డయాబ్లో. చలికాలంలో వాన వెలిసిన మర్నాడు ఎక్కగలిగితే తూర్పున సియెరా నెవాడా మంచుకొండలు కూడా కనిపిస్తాయి. కొన్ని చలికాలాల్లో ఈ కొండ మీదే మంచు పల్చగా పరుచుకుంటుంది. ఆ రోజున ఆఫీసుల్లో సెలవుచీటీలు పెరుగుతాయని ఒక జోకు.

స్టాన్‌ఫర్డ్ ఎవెన్యూ వైపు ప్రవేశం ఉచితం. కానీ పార్కింగ్ జాగా నలభై చిల్లర కార్లకే సరిపోతుంది, చుట్టుపక్కల వీధుల్లో సెలవురోజుల్లో పర్మిట్ ఉన్న స్థానికులే కార్లు పెట్టుకోవాలి. ఓలోనీ కాలేజీ వైపు నుంచి దారి కాస్త పొడుగు, ఎక్కుడు తక్కువ. అక్కడ పార్కింగ్‌కి డబ్బు కట్టాలి. వేళలు రుతువును బట్టి మారతాయి, గేటు దగ్గర రాసి ఉంటాయి. రాత్రిళ్ళు ప్రవేశం లేదు. పైన తాగునీళ్ళు దొరకవు. వేసవిలో ఎండదెబ్బ తిన్నవాళ్ళ కోసం హెలికాప్టర్ వచ్చిన సందర్భాలున్నాయి కనుక మనిషికి రెండు లీటర్లయినా మోసుకెళ్ళాలి. అడ్డదారులు తొక్కితే కొండ కోసుకుపోతుంది, జరిమానా కూడా పడొచ్చు.

దిగాక ఓపిక మిగిలితే, మిషన్ చర్చి కారులో కొద్ది నిమిషాల దూరమే. 1809లో మట్టి ఇటుకలతో కట్టిన పాత చర్చి నమూనాలోనే 1985లో దాన్ని మళ్ళీ కట్టారు. శివవిష్ణు ఆలయం పుణ్యమా అని బే ఏరియా తెలుగువాళ్ళందరికీ లివర్‌మోర్ తెలుసు. ఆ ఊరికి పేరిచ్చిన రాబర్ట్ లివర్‌మోర్‌ను 1858లో పూడ్చిపెట్టింది ఈ చర్చి నేలలోనే.