ఇంటి లోను, చదువు, ఆరోగ్యం: అపోహలు – వాస్తవాలు

అపోహ: గ్రీన్‌కార్డు లేనిదే అమెరికాలో ఇంటి లోను పుట్టదు.

మిషిగన్‌లోని ట్రాయ్‌లో ఇల్లు కొనాలనుకునే తెలుగువారికి ఇది ముందుగా తేలాల్సిన సంగతి. ఇంటి లోన్లను బ్యాంకుల నుంచి కొనే ఫ్యానీ మే సంస్థ తీసుకునే మామూలు లోన్లకు హెచ్‌-1బి వీసా అడ్డు కాదు. ఆదాయం, క్రెడిట్ స్కోరు అందరికీ చూసినట్టే చూస్తారు. ప్రభుత్వ గృహ విభాగమైన ఎఫ్‌హెచ్‌ఏ బీమా ఇచ్చే లోను మాత్రం హెచ్‌-1బి వంటి వీసాలున్న తాత్కాలిక నివాసులకు 2025 మే 25 నుంచి ఆగిపోయింది.

అపోహ: ఇల్లు వేలానికి వచ్చిందంటే తప్పంతా అప్పు తీసుకున్నవారిదే.

వాయిదాలు తప్పినవారికి గడువు పెంచడమో, వడ్డీ తగ్గించడమో చేయవచ్చు. అందుకోసం వారు పెట్టుకునే దరఖాస్తు చూడాల్సింది లోను వసూలు చేసే సంస్థే. అప్పట్లో ట్రాయ్ కేంద్రంగా నడిచిన ఫ్లాగ్‌స్టార్ బ్యాంకు విషయంలో అమెరికా వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ 2014లో బయటపెట్టిన వివరాలు తప్పు ఆ వసూలు సంస్థదీ కావచ్చని చెబుతాయి. 2011లో 13,000 దరఖాస్తులు పెండింగులో ఉంటే, వాటిని చూసింది 25 మంది పూర్తికాల సిబ్బంది, భారత్‌లోని ఒక కాంట్రాక్టు సంస్థ. ఒక్కో ఫైలుకు తొమ్మిది నెలల దాకా పట్టిన రోజులున్నాయి. ఫోన్ చేస్తే సగటున 25 నిమిషాల నిరీక్షణ. దాదాపు సగం మంది విసిగి ఫోన్ పెట్టేసేవారు. బాధితులకు 2.75 కోట్ల డాలర్లు, జరిమానాగా కోటి డాలర్లు చెల్లించాలని రక్షణ సంస్థ బ్యాంకును ఆదేశించింది. ఇల్లు నిలిచిందా, పోయిందా అన్న లెక్క ఒక్కటే చూస్తే ఇదేదీ కనిపించదు.

అపోహ: ఇల్లు పోతే పోయేది డబ్బే.

ఆర్థికవేత్తలు జానెట్ కరీ, ఎర్డల్ టెకిన్ అరిజోనా, కాలిఫోర్నియా, ఫ్లోరిడా, న్యూజెర్సీలలో జిప్‌కోడ్ వారీగా ఈ సంగతిని పరిశీలించారు. ఇళ్ల జప్తులు ఒక్కసారిగా పెరిగినచోట అత్యవసరంగా ఆసుపత్రికి పరుగెత్తడమూ పెరిగింది. నిరుద్యోగం, ఇళ్ల ధరల పతనం లెక్కలోకి తీసుకున్నా ఆ సంబంధం పోలేదు.

అపోహ: ఎక్కువ చదివినవారు ఆరోగ్యంగా ఉంటారు కాబట్టి చదువే ఆరోగ్యాన్నిస్తుంది.

మొదటి సగం నిజమే. చిక్కల్లా ఆ ‘కాబట్టి’తోనే. కలిగిన ఇంట పుట్టినవారికి చదువూ, ఆరోగ్యమూ రెండూ దక్కుతాయి. ఆ రెంటినీ విడదీయడానికి పరిశోధకులు, ఇంటి స్థితితో పనిలేకుండా పిల్లలను బడిలో ఉంచే నిర్బంధ విద్యా చట్టాలను వాడుకుంటారు. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల అమెరికా చట్టాలను ఆధారం చేసుకుని అడ్రియానా లియరస్-మ్యూనీ 2005లో, అదనపు చదువు మరణాలను గణనీయంగా తగ్గించిందన్నారు. బ్రిటన్‌లో బడి మానే కనీస వయసు 1947లో 15కు, 1972లో 16కు పెరిగింది. పిల్లలు ఎక్కువ చదివారు గానీ మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదని డామన్ క్లార్క్, హెదర్ రాయర్ 2013లో చూపారు. రాష్ట్రాలవారీ ధోరణులను కూడా కలిపి లెక్కిస్తే అమెరికా అంచనా సైతం బాగా బలహీనపడింది.