కుర్చీ దిగడంలోనూ రికార్డులే!

అమెరికాలో 50 రాష్ట్రాలు, 50 మంది గవర్నర్లు. మన గవర్నర్లను రాష్ట్రపతి నియమిస్తారు. అక్కడ జనమే ఓటేసి గెలిపించుకుంటారు. అధికారాల్లో వాళ్లు మన ముఖ్యమంత్రులకు సాటి. అంతటి పదవిని ‘ఇక చాలు, మళ్లీ పోటీ చేయను’ అని వదిలేసినవాళ్ల లెక్కలు చూడండి, ఒకదాన్ని మించి ఇంకొకటి!

అందరికన్నా ఎక్కువ కాలం: ఐయోవా గవర్నర్ టెర్రీ బ్రాన్‌స్టాడ్. 1983 నుంచి వరసగా నాలుగు విడతలు, 16 ఏళ్లు. 1998లో ఐదోసారి పోటీకి దిగలేదు. 2011లో తిరిగొచ్చి 2017 దాకా ఏలారు. మొత్తం 22 ఏళ్ల పైమాటే! న్యూయార్క్ తొలి గవర్నర్ జార్జ్ క్లింటన్ 1804లో నెలకొల్పిన 21 ఏళ్ల రికార్డు 211 ఏళ్లు చెక్కుచెదరలేదు. 2015 డిసెంబరులో దాన్ని బ్రాన్‌స్టాడ్ బద్దలు కొట్టారు. బెంగాల్‌ను 23 ఏళ్లు పాలించి, 2000లో తనే తప్పుకున్న జ్యోతిబసు ఈయనకన్నా ఒక మెట్టు పైనే!

ఒకే ఒక్క రోజు గవర్నర్: మాచు పిచ్చు శిథిలాలను 1911లో ప్రపంచానికి చూపించిన హైరమ్ బింగమ్ 1924 నవంబరులో కనెటికట్ గవర్నర్‌గా గెలిచారు. డిసెంబరులో సెనేట్ ఉప ఎన్నికా గెలిచారు. 1925 జనవరి 7న గవర్నర్‌గా ప్రమాణం, మర్నాడే రాజీనామా!

అతి పిన్న వయసు: స్టీవెన్స్ మేసన్. 1835లో మిషిగన్ గవర్నర్‌గా ఎన్నికైనప్పుడు ఆయనకు 23 ఏళ్లు. మన దేశంలో ఎమ్మెల్యేగా నిలబడాలన్నా 25 నిండాలి! 1839లో మేసన్ మళ్లీ పోటీ చేయలేదు. 28 ఏళ్లకే మాజీ గవర్నర్!

పెద్ద విరామం: కాలిఫోర్నియా గవర్నర్ జెర్రీ బ్రౌన్. 36 ఏళ్ల వయసులో తొలిసారి గద్దెనెక్కారు. 1982లో మూడో విడత కాదనుకుని సెనేట్‌కు పోటీ చేసి ఓడారు. 28 ఏళ్ల తర్వాత, 72 ఏళ్ల వయసులో మళ్లీ గవర్నర్! 2019లో దిగేనాటికి 80 ఏళ్లు. నాలుగు విడతలు, 16 ఏళ్లు: ఆ రాష్ట్రంలో ఇంకెవరికీ లేని రికార్డు.

టెక్సస్ ఛాంపియన్: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు రెండున్నర రెట్లుండే రాష్ట్రాన్ని రిక్ పెర్రీ 14 ఏళ్లు ఏలారు. 2000 డిసెంబరులో మొదలు, మూడు ఎన్నికల్లో గెలుపు, ముగ్గురు అధ్యక్షుల కాలం! ఎన్నిసార్లయినా పోటీ చేయొచ్చని చట్టం చెబుతున్నా, 2013 జులైలో ఇక చాలన్నారు.

అతి పెద్ద రాష్ట్రం: అలాస్కా. పది ఆంధ్రప్రదేశ్‌లు పట్టే నేల! 2009 జులై 3న గవర్నర్ సారా పాలిన్ రెండు ప్రకటనలు ఒకేసారి చేశారు: మళ్లీ పోటీ చేయను, ఉన్న పదవీ వదిలేస్తున్నాను! అదే నెల 26న దిగిపోయారు.

అతి చిన్న రాష్ట్రం: రోడ్ ఐలండ్. ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటివి 40 పడతాయి! 2010లో ఇండిపెండెంట్‌గా గెలిచిన లింకన్ చేఫీ 2013 మేలో డెమొక్రాట్లలో చేరారు. సెప్టెంబరులో మళ్లీ పోటీ చేయనన్నారు. అంతకుముందు ఆయన రిపబ్లికన్ సెనేటర్!

అతి చిన్న పదవీకాలం: 48 రాష్ట్రాల్లో నాలుగేళ్లు, వెర్మాంట్, న్యూహాంప్‌షైర్‌లలో రెండేళ్లే! న్యూహాంప్‌షైర్‌లో తండ్రి జాన్ సునూను మూడుసార్లు గెలిచి 1988లో నాలుగోసారి వద్దనుకున్నారు. కొడుకు క్రిస్ నాలుగుసార్లు గెలిచి, ఐదోసారి పోటీ చేయనని 2023లో చెప్పేశారు. తండ్రి 6 ఏళ్లు, కొడుకు 8!

అతి కఠినమైన నిబంధన: వర్జీనియాలో వెంటవెంటనే రెండోసారి పోటీ చేయడం కుదరదు. 50 రాష్ట్రాల్లో ఇలాంటిది ఇదొక్కటే! అక్కడ జనం ఓట్లతో రెండుసార్లు గెలిచింది మిల్స్ గాడ్విన్ ఒక్కరే: 1965లో డెమొక్రాట్‌గా, 1973లో రిపబ్లికన్‌గా!

అన్నిటికన్నా గొప్ప నిష్క్రమణ: మసాచుసెట్స్ గవర్నర్ చార్లీ బేకర్. డెమొక్రాట్ల కంచుకోటలో రిపబ్లికన్. 2018లో మూడింట రెండొంతుల ఓట్లు! దేశంలోనే ఎక్కువ ప్రజాదరణ ఉన్న గవర్నర్ల జాబితాలో ఏటేటా పైవరసలోనే. చట్టం అడ్డు లేదు. అయినా 2021 డిసెంబరు 1న, మూడో విడతకు పోటీ చేయనన్నారు. గెలుపు అందుబాటులో ఉన్నప్పుడు కుర్చీ వదలడానికి, ఏళ్లకేళ్లు కూర్చోవడానికి కావలసినదానికన్నా ఎక్కువ గుండె కావాలి. ఒకరు దిగితేనే మరొకరి రికార్డుకు చోటు! ఆ ఖాళీలో 2022లో మౌరా హీలీ గెలిచారు. 1780లో తొలి గవర్నర్‌ను ఎన్నుకున్న ఆ రాష్ట్రానికి, ఒక మహిళను గవర్నర్‌గా ఎన్నుకోవడానికి పట్టిన కాలం: 242 ఏళ్లు!