పుదుచ్చేరి విమానం నిలబడాలంటే...

దేశదేశాల నుంచి జనం వచ్చే ఊరు ఇది. వాళ్లు దిగేది మాత్రం చెన్నైలో. సొంత విమానాశ్రయంలో సర్వీసులు మొదలవుతున్నాయి, ఆగిపోతున్నాయి. ఎందుకిలా?

పారిస్‌లో బయల్దేరి పుదుచ్చేరికి వచ్చేవాళ్లు సాధారణంగా చెన్నై మీనంబాక్కం విమానాశ్రయంలో దిగుతారు. అక్కణ్నుంచి ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద దాదాపు 140 కిలోమీటర్లు, కారులో సుమారు మూడు గంటలు. ఆరోవిల్ చూడవచ్చే విదేశీయులదీ, అరవిందాశ్రమానికి వచ్చే భక్తులదీ, ఫ్రాన్స్‌లో స్థిరపడి సెలవులకు ఇంటికొచ్చే పుదుచ్చేరి కుటుంబాలదీ ఇదే దారి. 1926లో ఏర్పడిన ఆశ్రమం, 1968లో మొదలైన ఆరోవిల్ ఈ ఊరి పేరును ఖండాలు దాటించాయి. లాస్‌పేటలోని సొంత విమానాశ్రయం మాత్రం దేశీయ సర్వీసులకే నానా తంటాలు పడుతోంది.

రన్‌వేకి అడ్డొచ్చిన పొలిమేర

లాస్‌పేట రన్‌వే పొడవు సుమారు 1,500 మీటర్లు. 180 మంది కూర్చునే ఎయిర్‌బస్ ఏ320 నిండుగా ఎగరాలంటే రెండు వేల మీటర్లకు పైగా కావాలి. అందుకే ఇక్కడికి 70, 80 సీట్ల ప్రొపెల్లర్ విమానాలే వస్తాయి.

పొడిగిద్దామంటే పాత చరిత్ర అడ్డుపడుతుంది. ఫ్రెంచివారు, ఆంగ్లేయులు గీసుకున్న హద్దుల వల్ల పుదుచ్చేరి ప్రాంతం ఒక్క ముక్కగా లేదు. మధ్యమధ్య తమిళనాడు ఊళ్లున్నాయి. రన్‌వే ముందుకు సాగాలంటే విల్లుపురం జిల్లా భూమి కావాలి, అంటే పొరుగు రాష్ట్రం సేకరించి ఇవ్వాలి. ఈ చర్చ ఏళ్ల తరబడి నడుస్తోంది. ఆ నేల మీద బతుకుతున్నవాళ్ల మాటకూ అందులో చోటుండాలి.

వచ్చింది, ఆగింది

2013 జనవరిలో కొత్త టెర్మినల్ తెరుచుకుంది. స్పైస్‌జెట్ బెంగళూరు సర్వీసు మొదలైంది, ఏడాది తిరిగేసరికి ఆగింది. 2015లో అలయన్స్ ఎయిర్ వచ్చి కొన్ని నెలలకే వెళ్లిపోయింది. 2017 ఆగస్టులో కేంద్రం ప్రాంతీయ విమాన సర్వీసుల పథకం ఉడాన్ కింద హైదరాబాద్ విమానం వచ్చింది. 2020లో కొవిడ్‌తో ఆగి, 2022 మార్చిలో మళ్లీ మొదలై, 2024 మార్చి ఆఖరులో మళ్లీ నిలిచిపోయింది. 2024 డిసెంబరు 20న ఇండిగో ఏటీఆర్ ప్రొపెల్లర్ విమానాలతో హైదరాబాద్, బెంగళూరు సర్వీసులు ప్రారంభించింది.

ఎందుకిలా అంటే, చిన్న విమానంలో ఖర్చు పంచుకునే సీట్లు తక్కువ. పక్కనే చెన్నైలో ఏ వేళకైనా విమానం దొరుకుతుంది. ఉడాన్ కింద సంస్థకు లోటు భర్తీ చేసేది మూడేళ్లే. తెలుగువాళ్లకు ఇది తెలిసిన కథే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం లోటు భరిస్తాననడంతో 2018 డిసెంబరులో మొదలైన విజయవాడ-సింగపూర్ విమానం, ఆ ఆసరా తొలగిపోగానే 2019లో ఆగిపోయింది.

యానాం నుంచి రాజధానికి

ఈ విమానం పర్యాటకులది మాత్రమే కాదు. గోదావరి ఒడ్డున, కాకినాడకు దగ్గర్లో ఉన్న తెలుగు పట్టణం యానాం 1954లో ఫ్రెంచి పాలన నుంచి బయటపడింది. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం కాబట్టి దాని రాజధాని పుదుచ్చేరే, 800 కిలోమీటర్లకు పైగా దూరం. సచివాలయంలో పనిబడినా, పుదుచ్చేరిలోని జిప్‌మర్ ఆసుపత్రిలో వైద్యం కావాల్సి వచ్చినా అంత దూరం వెళ్లాల్సిందే. హైదరాబాద్ సర్వీసు నడిస్తే రాజమహేంద్రవరం దగ్గరి మధురపూడిలో ఎక్కి, హైదరాబాద్‌లో విమానం మారి రాజధానికి చేరుకోవచ్చు. అది ఆగిన రోజున రాత్రంతా రైలే గతి.

ముందు కావలసింది

అంతర్జాతీయ విమానాశ్రయం అనే మాట వినడానికి బాగుంటుంది. పుదుచ్చేరికి తక్షణం కావలసింది నిలకడ. లోటు భర్తీ చేసే రాయితీని మాటిమాటికీ బేరమాడకుండా అయిదేళ్లకు ఒప్పందంగా రాసుకోవాలి. సీట్లు నిండని వానాకాలపు నెలల నష్టాన్ని ప్రభుత్వం ముందే లెక్కలో వేసుకోవాలి. మీనంబాక్కంలో దిగినవాళ్ల కోసం విమానాల వేళలను బట్టి నడిచే బస్సులు పెంచాలి. రన్‌వే చర్చ ఆ పక్కన సాగుతూనే ఉండొచ్చు. మూడు నెలల ముందు టికెట్ కొన్న యానాం మనిషికి ఆ రోజు విమానం ఉంటుందన్న భరోసా ఇవ్వడానికి ఒక్క ఎకరం భూమి కూడా సేకరించనక్కర్లేదు.