నడుమ స్తంభం లేని కట్టడం

పాలమూరు ప్రాంతంలోని కోస్గి నుంచి నేరుగా గీత గీస్తే హైదరాబాద్ దగ్గరి దుండిగల్ సుమారు వంద కిలోమీటర్లు. అక్కడి వైమానిక దళ అకాడమీకి 1967 అక్టోబరు 11న అప్పటి రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ శంకుస్థాపన చేశారు. దేశం నలుమూలల నుంచి వచ్చిన యువతీయువకులు అక్కడ పిలాటస్ విమానాల మీద ఎగరడం నేర్చుకుంటారు. ఆ విమానం రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు పది మీటర్ల పైచిలుకే. అదే సైనికులను, సరుకును మోసే సీ-130జే అయితే 40 మీటర్లు, సీ-17 అయితే దాదాపు 52. ఇంతటి విమానాన్ని లోపలికి తోసి మరమ్మతు చేసే కట్టడమే హ్యాంగరు. అందులో నడుమ ఒక్క స్తంభం కూడా ఉండకూడదు. దాని రూపమంతా ఈ షరతు నుంచే పుడుతుంది.

మన పత్తి జిన్నింగు మిల్లు షెడ్డులో నడుమ స్తంభాలు నిలబెట్టినా పని ఆగదు. హ్యాంగరుకు ఆ వెసులుబాటు లేదు. దూలం మీద బరువు పొడవునా సమంగా పడుతున్నప్పుడు, ఆ పొడవును రెట్టింపు చేస్తే దాన్ని వంచే ప్రభావం నాలుగింతలవుతుంది. దూలం మందం అంతే ఉంచితే, నడుమ కుంగే లోతు పదహారింతలవుతుంది. పోనీ లావు చేద్దామంటే, దూలం సొంత బరువే దాన్ని వంచడం మొదలుపెడుతుంది. అందుకే ఇంజనీర్లు ఉక్కును పై అంచుకూ కింది అంచుకూ చేర్చి, మధ్యలో త్రిభుజాలుగా కడ్డీలు అల్లుతారు. ఇదే ట్రస్సు. భుజాల పొడవు మారనిదే త్రిభుజం ఆకారం మారదు. ట్రస్సు బలమంతా అక్కడే ఉంది.

ఇదే పనిని కాంక్రీటుతో చేసి చూపినవాడు ఇటలీ ఇంజనీరు పియెర్ లుయీజీ నెర్వీ. ఏటవాలు పక్కటెముకలు ఒకదాన్నొకటి దాటుకుంటూ పోయే కప్పుతో, తమ దేశ వైమానిక దళం కోసం 1930ల్లో ఓర్వియేటోలో వంద మీటర్ల పైన పొడవున్న హ్యాంగర్లు కట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో వెనుదిరుగుతూ జర్మన్ సేనలు వాటిని పేల్చేశాయి. అంత అందమైన కట్టడాలు ఇప్పుడు ఫొటోల్లోనే మిగలడం నిజంగా బాధాకరం.

కప్పు కన్నా తలుపు ఇంకా పెద్ద చిక్కు. విమానం రావాలంటే ఒక వైపు మొత్తం తెరుచుకోవాలి. అటు గోడ ఉండదు కాబట్టి కప్పును మోసేందుకు పైన అడ్డంగా వేసిన భారీ గడ్డరే దిక్కు. తెరిచిన తలుపులోంచి దూరిన గాలి బయటికి దారిలేక కప్పును కింది నుంచి నెడుతుంది. కప్పు మీదుగా పోయే గాలి పై నుంచి లాగుతుంది. మన కట్టడాల ప్రమాణాల ప్రకారం హైదరాబాద్‌కు లెక్కలోకి తీసుకోవాల్సిన మూల గాలివేగం సెకనుకు 44 మీటర్లు. ఆ గాలి కలిగించే ఒత్తిడి చదరపు మీటరుకు దాదాపు 118 కిలోల బరువుతో సమానం. కప్పు రేకు బరువేమో చదరపు మీటరుకు ఐదు కిలోలకు అటూఇటూ. అంటే హ్యాంగరు పునాది కప్పును మోస్తే చాలదు, ఎగిరిపోకుండా పట్టి కూడా ఉంచాలి.

శాంతికాలంలో మరమ్మతులకు ఒకే పెద్ద కప్పు లాభం. యుద్ధంలో అదే ప్రమాదం. 1965 సెప్టెంబరు 6న పఠాన్‌కోట్‌లో నేల మీదున్న మన యుద్ధవిమానాలను పాకిస్తాన్ విమానాలు ధ్వంసం చేశాయి. ఆ దెబ్బతో మన స్థావరాల్లో ఒక్కో విమానానికి విడివిడిగా, మందపాటి గోడలతో రక్షణ గూళ్లు వెలిశాయి. 1971 డిసెంబరు 3న శత్రువు మళ్లీ స్థావరాల మీద పడ్డప్పుడు ఆ జాగ్రత్త ఫలించింది. ఇలాంటి గూళ్లకు కప్పు వేసేటప్పుడు కమాను ఆకారంలో వేస్తారు. పైనుంచి పడే బరువును కమాను ప్రధానంగా నొక్కుడుగా మార్చి నేలకు దింపుతుంది; కాంక్రీటు సాగుడుకు పగులుతుంది గానీ నొక్కుడుకు బాగా ఓర్చుకుంటుంది. ఖర్చు ఎక్కువే, అయినా పెట్టాల్సిన ఖర్చు.

హ్యాంగరు లెక్కలు మన ఊళ్లకూ పనికొస్తాయి. ఎండాకాలపు గాలిదుమారాల్లో పాలమూరు పల్లెల్లో కోళ్ల షెడ్లు, గోదాముల రేకులు లేచిపోవడం మనం చూస్తున్నదే. షెడ్డు వేయించేవారు కప్పు ఎంత బరువు మోస్తుందని మాత్రమే అడిగి ఊరుకోవద్దు. తలుపు తెరిచి ఉన్నప్పుడు గాలి పైకి నెడితే స్తంభాన్ని పునాదిలో ఏ బోల్టు పట్టి ఉంచుతుంది, అది ఎంత లోతున ఉంది అని మేస్త్రీని తప్పకుండా అడగండి.