గోడ మీది ప్రపంచం

మీ తరగతి గదిలో ప్రపంచ పటం ఉందా? ఉంటే ఒకసారి దాని దగ్గరకు వెళ్ళి రెండు చోట్లను చూడండి. ఒకటి, అట్లాంటిక్ మహాసముద్రానికి ఉత్తరాన ఉన్న గ్రీన్లాండ్ దీవి. రెండవది ఆఫ్రికా ఖండం. ఈ రెండింటిలో ఏది పెద్దది? ఎన్ని రెట్లు పెద్దది?

చాలా పటాలను చూస్తే "రెండూ ఇంచుమించు సమానమే" అనాలనిపిస్తుంది. కాని లెక్కలు వేరే సంగతి చెబుతాయి. గ్రీన్లాండ్ వైశాల్యం సుమారు 21 లక్షల 66 వేల చదరపు కిలోమీటర్లు. ఆఫ్రికా వైశాల్యం సుమారు 3 కోట్ల 3 లక్షల చదరపు కిలోమీటర్లు. అంటే ఒక్క ఆఫ్రికాలో దాదాపు 14 గ్రీన్లాండ్‌లు పడతాయన్నమాట! అంతేకాదు. మన దేశ వైశాల్యం 32 లక్షల 87 వేల చదరపు కిలోమీటర్లు. అంటే మన దేశమే గ్రీన్లాండ్‌కు ఒకటిన్నర రెట్లు పెద్దది. మరి పటంలో గ్రీన్లాండ్ మన దేశం కంటే ఎన్నో రెట్లు పెద్దదిగా ఎందుకు కనిపిస్తోంది? పటం అబద్ధం చెబుతోందా?

కమలాపండు చెప్పే పాఠం

ఒక కమలాపండు తీసుకోండి. దాని మీద కలంతో ఖండాల బొమ్మలు గీయండి. ఇప్పుడు తొక్కను వీలైనంత పెద్ద ముక్కగా ఒలిచి, బల్ల మీద పెట్టి అరచేతితో అదమండి. ఏమయింది? తొక్క అంచుల్లో చిరిగింది. చిరగకుండా బల్లకు పూర్తిగా అతుక్కోవాలంటే తొక్కను కొన్నిచోట్ల సాగదీయాలి. రబ్బరు అయితే సాగుతుంది, తొక్క సాగదు.

భూమి సంగతీ అంతే. గుండ్రని ఉపరితలాన్ని చదునైన కాగితం మీదకు తెచ్చేటప్పుడు చింపడమో, సాగదీయడమో తప్పదు. ఇది పటం గీసేవారి చేతకానితనం వల్ల వచ్చిన లోపం కాదు. ఏ మార్పూ లేకుండా గోళాన్ని చదును చేయడం అసాధ్యమని జర్మనీ గణితవేత్త గౌస్ 1827లో సమర్పించిన సిద్ధాంతం వల్ల రుజువవుతుంది.

గోళాన్ని కాగితం మీదకు దించే పద్ధతిని 'ప్రక్షేపం' అంటారు. ప్రక్షేపాలు ఎన్నో ఉన్నాయి. ఒకటి ఆకారాన్ని కాపాడితే వైశాల్యాన్ని చెడగొడుతుంది. మరొకటి వైశాల్యాన్ని కాపాడితే ఆకారాన్ని చెడగొడుతుంది. అన్నింటినీ కాపాడేది ఒక్కటీ లేదు.

నావికుల కోసం గీసిన పటం

గ్రీన్లాండ్‌ను అంత పెద్దది చేసిన ప్రక్షేపం పేరు మెర్కేటర్ ప్రక్షేపం. గెరార్డస్ మెర్కేటర్ నేటి బెల్జియంలో పుట్టిన పటకారుడు. ఆయన 1569లో నావికుల కోసం ఒక పటం గీశాడు. నడి సముద్రంలో నావికుడికి కావలసింది దిక్కు. దిక్సూచిని చూసుకుంటూ ఒకే దిశలో సాగిపోయే ఓడ మార్గం ఈ పటంలో సరళరేఖగా వస్తుంది. రూళ్ళకర్ర పెట్టి గీత గీసుకుంటే చాలు, ఓడను ఏ దిశలో నడపాలో తెలిసిపోతుంది.

ఈ సదుపాయానికి చెల్లించిన మూల్యం ఏమిటో చూడండి. భూమధ్యరేఖ పొడవు సుమారు 40,000 కిలోమీటర్లు. ఉత్తరానికి పోయేకొద్దీ అక్షాంశ వృత్తాలు చిన్నవవుతాయి. 60 డిగ్రీల దగ్గర వృత్తం పొడవు సుమారు 20,000 కిలోమీటర్లే, అంటే సగం. కాని మెర్కేటర్ పటంలో ఈ రెండు రేఖలూ ఒకే పొడవు ఉంటాయి! అంటే 60 డిగ్రీల దగ్గర నేలను అడ్డంగా రెండింతలు సాగదీసినట్లే. అడ్డంగా మాత్రమే సాగదీస్తే ఆకారాలు, కోణాలు చెడిపోతాయి. కాబట్టి నిలువుగా కూడా రెండింతలు సాగదీయాలి. రెండు రెళ్ళు నాలుగు. అక్కడి నేల నాలుగింతలుగా కనిపిస్తుంది. ఇంకా పైకి పోతే ఈ సాగుడు ఇంకా ఎక్కువ. 80 డిగ్రీల దగ్గర 33 రెట్లు! గ్రీన్లాండ్ ఉన్నది ఈ ప్రాంతంలోనే. ధ్రువాలనైతే ఈ పటంలో చూపించడమే సాధ్యం కాదు.

మెర్కేటర్ ఎవరినీ మోసం చేయలేదు. ఓడ నడపడానికి గీసిన పటాన్ని తరువాతివారు తెచ్చి తరగతి గోడకు తగిలించారు. చిక్కు అక్కడ వచ్చింది.

పటం మనసులో వేసే ముద్ర

"కొంచెం పెద్దగానో చిన్నగానో కనిపిస్తే వచ్చే నష్టమేమిటి?" అని మీరు అడగవచ్చు. రోజూ కళ్ళ ముందు ఉండే బొమ్మ మనకు తెలియకుండానే పాఠం చెబుతూ ఉంటుంది. పెద్దగా కనిపించేది ముఖ్యమైనదనీ, చిన్నగా కనిపించేది అంత ముఖ్యం కాదనీ అనిపించడం సహజం. ఐరోపా, ఉత్తర అమెరికా పైన ఉండి సాగాయి. ఆఫ్రికా, దక్షిణ అమెరికా, మన దేశం భూమధ్యరేఖకు దగ్గరగా ఉండి ఉన్నంతలోనే ఉండిపోయాయి. బ్రెజిల్ వైశాల్యం అలాస్కాకు దాదాపు ఐదు రెట్లు. అయినా ఈ పటంలో రెండూ సమానంగా కనిపిస్తాయి.

"ఆఫ్రికాలో ఏ భాష మాట్లాడతారు?" అని అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ ఖండంలో ఐక్యరాజ్యసమితి సభ్యదేశాలే 54 ఉన్నాయి. నైజీరియా ఒక్క దేశంలోనే 500కు పైగా భాషలున్నాయి. మాలీ దేశంలోని టింబక్టూ నగరంలో వందల ఏళ్ళనాటి చేతివ్రాత గ్రంథాలు ఉన్నాయి. ఆ ఖండంతో మనకు సంబంధం లేకపోలేదు. చెరకు తోటల పనికి 1860 నుంచి మద్రాసు రేవు మీదుగా దక్షిణాఫ్రికాలోని నెటాల్‌కు వెళ్ళిన కూలీలలో తెలుగువారూ ఉన్నారు. వారి సంతతి ఈనాటికీ అక్కడ ఉంది. ఖండాన్ని ఒక చిన్న రంగు మచ్చగా చూస్తే ఈ సంగతులేవీ తెలుసుకోవాలనిపించదు.

ఉత్తరం పైనే ఎందుకు?

ఆకాశంలో తేలే భూమికి పైన, కింద అనేవి లేవు. ఉత్తరాన్ని పైన పెట్టడం ఒక అలవాటు మాత్రమే. 1154లో అరబ్బు పండితుడు అల్ ఇద్రీసీ సిసిలీ రాజు కోసం గీసిన ప్రపంచ పటంలో దక్షిణం పైన ఉంది. మధ్యయుగంలో ఐరోపావారు గీసిన అనేక పటాల్లో తూర్పు పైన ఉండేది. 1979లో ఆస్ట్రేలియాకు చెందిన స్టువర్ట్ మెకార్థర్ దక్షిణం పైకి వచ్చేలా ఒక పటాన్ని ప్రచురించాడు. అందులో ఆస్ట్రేలియా ఎక్కడో అడుగున కాక, పై భాగంలో ఉంటుంది.

మన మాటల్లోనూ ఇలాంటి గుర్తు ఒకటి దాగి ఉంది. 'దక్షిణ హస్తం' అంటే కుడి చెయ్యి. మరి దక్షిణ దిక్కుకూ అదే మాట ఎందుకు వచ్చింది? సూర్యుడు ఉదయించే తూర్పుకు ఎదురుగా నిలబడి చూడండి. దక్షిణం మీ కుడిచేతి వైపు ఉంటుంది! మన పూర్వులు తూర్పుముఖంగా నిలిచి దిక్కులకు పేర్లు పెట్టారన్నమాట. భూగోళ పాఠంలో వచ్చే 'దక్కను' పీఠభూమి పేరు కూడా ఈ మాట నుంచి పుట్టిందే.

పేరు పెట్టినవాడు ఎక్కడ నిలబడ్డాడో పేరే చెబుతుంది. అరేబియా, ఇరాక్ ఉన్న ప్రాంతాన్ని 'మధ్యప్రాచ్యం' అనడం మీరు విని ఉంటారు. ప్రాచ్యమంటే తూర్పు. అది ఎవరికి తూర్పు? లండనులో నిలబడినవారికి. మనకు అది పడమర. అందుకే 'పశ్చిమాసియా' అనడం మనకు సరిగ్గా అతుకుతుంది.

మరి ఏ పటం మంచిది?

1973లో జర్మనీకి చెందిన ఆర్నో పీటర్స్ వైశాల్యాలు సరిగా ఉండే పటాన్ని ప్రచారం చేశాడు. అలాంటి ప్రక్షేపాన్నే స్కాట్లండుకు చెందిన జేమ్స్ గాల్ 1855లోనే వివరించాడు. అందులో ఆఫ్రికా తన అసలు పరిమాణంలో ఉంటుంది, కాని నిలువుగా సాగిపోయినట్లు కనిపిస్తుంది. 2017లో అమెరికాలోని బోస్టన్ నగర ప్రభుత్వ పాఠశాలలు ఈ పటాన్ని తరగతి గదుల్లోకి తెచ్చాయి. 2018లో 'ఈక్వల్ ఎర్త్' అనే మరో ప్రక్షేపం వచ్చింది. ఇందులో వైశాల్యాలు సరిగా ఉంటాయి, ఆకారాలు కూడా అంతగా చెడవు. పాఠశాలల్లో మెర్కేటర్ పటం బదులు ఇలాంటివి వాడాలన్న ఉద్యమాన్ని 2025లో ఆఫ్రికా దేశాల సమాఖ్య సమర్థించింది.

అలాగని మెర్కేటర్ పటాన్ని పారవేయనక్కరలేదు. ఫోనుల్లో వీధులు చూపే అనేక పటాలు నేటికీ దాని మీదనే ఆధారపడుతున్నాయి. దారి వెతకడానికి అది మంచిదే. దేశాల వైశాల్యాలను పోల్చడానికి పనికిరాదు. పటాన్ని చూసినప్పుడల్లా "దీన్ని ఎవరు, ఎందుకు గీశారు? దేన్ని కాపాడారు, దేన్ని వదులుకున్నారు?" అని అడగడం అలవాటు చేసుకోండి.

చేసి చూడండి

1. మీ గోడపటంలో 0 నుంచి 20 డిగ్రీల దాకా, 60 నుంచి 80 డిగ్రీల దాకా ఉన్న దూరాలను స్కేలుతో కొలవండి. రెండవది చాలా ఎక్కువగా ఉండి, రేఖాంశాలు సమాంతరంగా ఉంటే అది మెర్కేటర్ తరహా పటం కావచ్చు.

2. పలుచని కాగితంతో ఆ పటం నుంచి భారతదేశాన్నీ గ్రీన్లాండ్‌నూ దించి, గ్రాఫు కాగితం మీద గళ్ళు లెక్కపెట్టండి. గ్లోబు మీద కూడా అలాగే చేయండి. రెండు లెక్కలనూ పోల్చండి.

3. గ్లోబు మీద బెంగుళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు దారాన్ని బిగువుగా పట్టండి. దగ్గరి దారి ఎటు పోతోంది? 2021లో ఈ రెండు నగరాల మధ్య ఒక భారతీయ విమానం ఉత్తర ధ్రువం మీదుగా ఎందుకు ఎగిరిందో మీకే తెలుస్తుంది.

4. గోడపటాన్ని ఒక వారంపాటు తలకిందులుగా తగిలించడానికి మీ మాస్టారి అనుమతి అడగండి. మొదటిరోజు ఏ దేశాలు మీ కంటికి ముందుగా కనిపించాయో రాసి పెట్టుకోండి.